చుండూరు కథ రాసిన అమ్మాయికి

అమ్మా,

నీ కథ చదివాను. నువ్వు పుట్టకముందు అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో జరిగిన దళితుల ఊచకోతను ఎంచుకున్నందుకు సంతోషించాను. అయితే కథ నిండా కన్నీరూ నెత్తురూ ఉన్నాయి గాని ఊరు లేదు. ఏ ఊరి పేరు పెట్టినా చెల్లిపోతుంది.

1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను పొలాల వెంట తరిమి చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసిన ఘోరాన్ని నువ్వు పేజీలకు పేజీలు వర్ణించావు. అంతకు నెల ముందు సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకులస్థుడికి తగిలిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే అక్కడే ఆగుతాను. కాలు తగలడం నేరమైపోయి, పనులకు పిలవడం మానేసే బహిష్కరణ దాకా పోయిందంటే, ఆ ఊళ్ళో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి ముందు ఎవరు ఒదిగి ఉండాలో ఎంతకాలంగా నిర్ణయమై ఉందో ఆలోచించు. హక్కుల ఉల్లంఘన హత్యతో మొదలు కాదు. హత్య నాటికి అది చాలా ముదిరి ఉంటుంది.

ఇక నీ ముగింపు. నిందితుణ్ణి జనం కొట్టి చంపుతుంటే పాఠకుడు చప్పట్లు కొట్టాలన్నట్టు రాశావు. చుండూరు బాధితులు కోరింది అది కాదమ్మా. చనిపోయినవారిని ఊళ్ళోనే పాతిపెట్టి, ఆ చోటిని రక్తక్షేత్రమని పిలుచుకున్న ఆ మనుషులు, విచారణ ఎక్కడో కాదు, తమ ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును అక్కడికే రప్పించుకున్నారు. నిందితుల న్యాయవాదులు అడిగిన అడ్డుప్రశ్నలన్నింటికీ నిలబడి సమాధానాలు చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు, హత్యలు సరిగ్గా ఎక్కడ, ఏ వేళకు, ఎవరి చేతుల్లో జరిగాయో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందంటూ అందరినీ విడుదల చేసింది. ప్రాణభయంతో పరుగెత్తినవాడు గడియారం చూసుకుంటాడా? ఆ తీర్పు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. అయినా సాక్ష్యం లేకుండా ఎవరినీ శిక్షించకూడదన్న నియమాన్ని నేను వదులుకోను. పోలీసు స్టేషన్‌లో దెబ్బలు తినే దళిత కుర్రవాడికి కూడా రేపు అండగా నిలిచేది ఆ నియమమే.

మనకు నచ్చినవారి పక్షాన నిలబడడమే హక్కుల రక్షణ అయితే దానికి నీతి అక్కరలేదు, అభిమానం చాలు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, తర్వాత న్యాయవాది అయిన బాలగోపాల్ గారు ఏళ్ళ తరబడి బూటకపు ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణలు చేశారు. నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించాలన్న పట్టుదలతోనే పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముందు నిలిచారు. సొంత మిత్రులతో విభేదించడం పోలీసులను ఎదిరించడం కన్నా తేలికేమీ కాదు. (సభల్లో ఆయన పేరు తలచుకునేవారిలో చాలామంది ఈ భాగాన్ని చెప్పకుండా దాటేస్తారు.)

కనుక ముందుగా రెండు తీర్పులూ తెప్పించుకుని చదువు. ఆ తర్వాత ఊరికి వెళ్ళు. వెళ్ళగానే నోటుపుస్తకం తెరవకు. ఏళ్ళ తరబడి పోలీసులకూ, వకీళ్ళకూ, మనలాంటి రాతగాళ్ళకూ అదే సంగతి చెప్పి చెప్పి అలసిన మనుషులు వాళ్ళు. చెప్పనంటే నమస్కారం పెట్టి వచ్చేయి. చెబితే, వాళ్ళ మాటకు నీ ఊహను కలపకు. వేళ గుర్తు లేదంటే గుర్తు లేదనే రాయి. కోర్టుకు పనికిరాకుండా పోయిన ఆ తడబాటుకు కథలో చోటు ఉంది.

ముగింపు మార్చాక కథను మళ్ళీ పంపు. సినిమాహాలు దృశ్యాన్ని మాత్రం పెంచి రాయి.

ఆశీస్సులతో,
నీ కథ చదివిన పెద్దాయన