తమ్ముడు జైలు నుంచి వేసిన కేసు వాపసు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మా తమ్ముడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్ర జైల్లో ఉన్నాడు. ఏడాదిన్నర కిందట కొన్ని రోజులు ఇన్సులిన్ ఇవ్వక ప్రాణం మీదికి తెచ్చారు. లాయరు లేకుండా తనే ఫెడరల్ కోర్టులో పౌర హక్కుల దావా వేశాడు. జైల్లో ఇచ్చిన ఫిర్యాదు రెండో మెట్టు దాకా వెళ్లలేదు కాబట్టి కేసు కొట్టేయమని అధికారులు మోషన్ (కోర్టుకి పెట్టే అర్జీ) వేశారు. వాపసు తీసుకుని మళ్లీ వేస్తానంటున్నాడు. అలా కుదరదని ఇక్కడి వకీలు గారు అంటున్నారు. కట్టిన ఫీజు తిరిగి వస్తుందా? వాడి బదులు నేను కోర్టుకి రాయొచ్చా?

జవాబు: అమ్మా, మీ వకీలు గారు చెప్పింది మన చట్టం. ఇక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23 ప్రకారం కోర్టు అనుమతి లేకుండా దావా వదులుకుంటే అదే విషయంపై మళ్లీ వేయలేం. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో రూల్ 41 వేరుగా ఉంది. అవతలివాళ్లు ఆన్సర్ (దావాకి రాతపూర్వక జవాబు) గానీ సమ్మరీ జడ్జిమెంట్ మోషన్ (విచారణ లేకుండానే తీర్పు ఇమ్మనే అర్జీ) గానీ వేయకముందే తమ్ముడు నోటీసు పంపితే కేసు ముగుస్తుంది, జడ్జి అనుమతి అక్కర్లేదు. కేసు కొట్టేయమని వేసిన మామూలు మోషన్ ఈ హక్కుకి అడ్డు కాదు. కాబట్టి వాళ్ల కాగితం పైన ఏ పేరుందో ముందు చూడమనండి. మొదటిసారి ఇలా వదులుకుంటే మళ్లీ వేసుకోవచ్చు. రెండోసారీ ఇలాగే నోటీసుతో వదులుకుంటే మాత్రం ఓడిపోయినట్టే లెక్క.

కానీ నా భయం వేరే. వాపసు తీసుకున్న కేసు అసలు వేయనట్టే అవుతుంది, అది నడిచిన కాలం దావా వేసే గడువులోంచి తీసేయరు. టెక్సాస్‌లో ఇలాంటి దావాకి గడువు 2 ఏళ్లు. జైలు ఫిర్యాదు పెండింగ్‌లో ఉన్న రోజులు మినహాయిస్తారు, అయినా మీకు మిగిలింది కొద్ది నెలలే.

ఇంకో చిక్కుంది. ఖైదీ కోర్టుకి వెళ్లేముందు జైలు ఫిర్యాదు మెట్లన్నీ పూర్తి చేయాలి. అక్కడ మొదటి మెట్టు ఫిర్యాదు ఘటన జరిగిన 15 రోజుల్లో, రెండో మెట్టు మొదటి జవాబు వచ్చిన 15 రోజుల్లో ఇవ్వాలి. ఆ గడువు దాటితే ఇప్పుడు వెళ్లి పూర్తి చేస్తానన్నా ఒప్పుకోకపోవచ్చు. గడువులోపు సరిగ్గా చేస్తేనే చెల్లుతుందని 2006లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు వాపసు తీసుకుని మళ్లీ వేసినా అదే గోడ అడ్డొస్తుంది. రెండో మెట్టు ఫారం అడిగినా ఇవ్వలేదా? అయితే కేసు వదులుకోకుండా ఆ మాటే మోషన్‌కి జవాబుగా రాయాలి. వాడుకునే వీలే లేని ఫిర్యాదు దారిని పూర్తి చేయనక్కర్లేదని 2016లో అదే కోర్టు చెప్పింది. ఇన్సులిన్ ఇప్పటికీ ఆపుతుంటే, ఈసారి జరిగినదానిపై 15 రోజుల్లోపే కొత్త ఫిర్యాదు ఇవ్వమనండి.

ఫీజు తిరిగి రాదమ్మా. పేద ఖైదీగా అనుమతి పొందినా 350 డాలర్లూ బాకీయే. కేసు ముగిసినా, నెలనెలా ఖాతాలో పడే డబ్బులో 20 శాతం చొప్పున కోస్తారు. మళ్లీ వేస్తే ఆ ఫీజు వేరే. పసలేని కేసని కోర్టు కొట్టేస్తే ఖైదీ పేరిట పడే 'స్ట్రైక్' (చెడ్డ మార్కు) మాత్రం, అలాంటి ఆర్డరు రాకముందే వదులుకుంటే సాధారణంగా పడదు. అవి మూడయితే, ఒంటికి తీవ్ర హాని జరిగే ప్రమాదం ముంచుకొస్తుంటే తప్ప తర్వాతి కేసుకి ఫీజంతా ముందే కట్టాలి.

నోటీసు మీద సంతకం తమ్ముడిదే ఉండాలి, మీరు పెడితే చెల్లదు. తేదీలన్నీ కాగితం మీద రాసి పంపమనండి, వాటిని చూపించి టెక్సాస్ లాయరుతో ఒక్కసారైనా మాట్లాడండి. తమ్ముడు భారత పౌరుడే అయితే హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌కి ఈరోజే రాయండి. వాళ్లు కేసు నడపరు గానీ, ఇన్సులిన్ సంగతి ఏమిటని జైలు అధికారులను అడగగలరు.