కొత్త ఐపీ68 ఫోన్ రొయ్యల చెరువు మీద ఎలా పనిచేస్తోంది? 23 రోజుల వాడకం తర్వాత నా అనుభవం

మీరు అడిగింది ఇది: పాతిక వేల లోపు ధరలో, 7000 ఎంఏహెచ్ బ్యాటరీతో, నీళ్ళు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే ఐపీ68, ఐపీ69 రేటింగులతో ఈమధ్యే వచ్చిన ఫోన్ కొనొచ్చా, చెరువుల మీద తిరిగేవాళ్ళకి పనికొస్తుందా అని. ఆ ఫోనే నా దగ్గర ఉందండి. భీమవరంలో కొని ఇవాళ్టికి 23 రోజులు. కంపెనీ పేరు నేను రాయను. నా చేతికి వచ్చిన ఒక్క ఫోన్‌ని బట్టి కంపెనీ మంచిదనో చెడ్డదనో చెప్పడం న్యాయం కాదు. పైగా నేను చెప్పేవాటిలో చాలావరకు ఈ ధరలో ఈ తరహాలో వస్తున్న ఫోన్లన్నిటికీ వర్తిస్తాయి.

మాకు కాళ్ళ మండలంలో నాలుగెకరాల వనామీ రకం రొయ్యల చెరువు ఉంది. నాన్నగారు, నేను చూసుకుంటాం. రాత్రి కాపలాకి బాబాయి వరసయ్యే ఆయన షెడ్డులో పడుకుంటారు. నా ఫోన్ రోజుకి ఏడెనిమిది గంటలు గట్టు మీదే ఉంటుంది. అందుకని ఆటలు ఎలా ఆడుతుంది, వీడియో ఎడిటింగ్ ఎలా చేస్తుంది అన్నవి నన్ను అడక్కండి.

ముందు బ్యాటరీ గురించి చెప్తాను, ఎందుకంటే నేను కొన్నదే దానికోసం. 2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాకు రెండ్రోజులు కరెంటు లేదు. జనరేటర్‌కి డీజిల్ కోసం నేను బంకుల చుట్టూ తిరుగుతుంటే పాత ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. అక్కడ ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగి, ఆక్సిజన్ అందక చెరువులో రొయ్య పైకి తేలుతోందని నాన్నగారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, నాకు ఒక్కటీ రాలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఈ ఫోన్ పొద్దున్న 5 గంటలకి నూరు శాతంతో మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంకా ఇరవై శాతం దగ్గర ఉంటోంది. హాట్‌స్పాట్ వేసి షెడ్డులో కెమెరా నడిపిన రోజున కూడా రాత్రి పడుకునే దాకా వచ్చింది. ఈ ఒక్క విషయంలో పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది.

అంత బ్యాటరీ ఉన్నా ఫోన్ ఇటుకలా లేదేమిటని చాలామంది అడిగారు. దీనిలో వాడింది సిలికాన్-కార్బన్ బ్యాటరీ. మామూలు లిథియం బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైట్ ఉంటుంది. అది గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా దాచుకోగలదు. సిలికాన్ సామర్థ్యం లెక్క ప్రకారం దానికి దాదాపు పది రెట్లు. కానీ చార్జ్ ఎక్కేటప్పుడు సిలికాన్ బాగా ఉబ్బుతుంది, అందుకే కార్బన్‌తో కలిపి కొద్దికొద్దిగా వాడతారు. బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఎండలో గట్టు మీద పవర్ బ్యాంక్ పెట్టి చార్జ్ చెయ్యకండి. సెట్టింగ్స్‌లో చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే వీలుంది, మామూలు రోజుల్లో నేను అదే పెట్టుకున్నాను. వాన కబురు వచ్చినప్పుడు మాత్రం నూరు దాకా నింపుతాను.

ఇక నీళ్ళ సంగతి. మీరు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే. షాపులో నాకు చెప్పిన మాట, "చెరువులో పడేసినా ఏం కాదండి" అని. ఆ మాట నమ్మకండి. ఐపీ68లో 6 అంటే దుమ్ము లోపలికి పోదు అని. 8 అంటే మీటరు కన్నా లోతు నీళ్ళలో మునిగినా తట్టుకుంటుందని, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. నా ఫోన్ పుస్తకంలో మీటరున్నర, అరగంట అని రాసి ఉంది. ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళలో. ఐపీ69 అంటే ఐపీ68 కన్నా ఒక మెట్టు పైన అని అందరూ అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కాదు, అది వేరే పరీక్ష. దగ్గర నుంచి, చాలా ఒత్తిడితో, 80 డిగ్రీల వేడినీళ్ళు కొట్టి చూస్తారు. మునగడానికీ దానికీ సంబంధం లేదు. ఆ రెండు పరీక్షల్లోనూ ఉప్పునీరు లేదు.

మన నీళ్ళు మంచినీళ్ళు కావు కదా. మా చెరువులో సెలైనిటీ, అంటే ఉప్పదనం, ఇప్పుడు 8 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో 8 పాళ్ళ ఉప్పు) ఉంది. సముద్రం 35 చుట్టూ ఉంటుంది కాబట్టి మాది తక్కువే అనిపించొచ్చు. అయినా ఆ ఉప్పు చాలు. తడి చేత్తో పట్టుకున్న ఫోన్‌ని తుడవకుండా చార్జింగ్ పెడితే, పోర్టులో ఉప్పునీటి మీదుగా కరెంటు పారి పిన్నులు తుప్పు పడతాయి. నా పాత ఫోన్ పోర్టు అలాగే పోయింది, కేబుల్ పిన్నులు పచ్చబడ్డాయి. ఇప్పుడు ఇంటికి రాగానే మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పోర్టు కిందికి వచ్చేలా ఫోన్‌ని నిలబెట్టి గంట ఆరనిస్తాను. ఆ తర్వాతే చార్జర్. ఇంకోటి, వారంటీ కాగితం చదవండి. నాదాంట్లో నీటి వల్ల జరిగిన నష్టానికి వారంటీ లేదని స్పష్టంగా ఉంది. బయట పెట్టె మీద నీళ్ళలో ముంచిన బొమ్మ, లోపల ఈ మాట. నాకు బాధ కలిగించింది అది.

నీళ్ళలో పడితే ఫోన్ బతకడం ఒకటి, తడి చేత్తో అది పనిచెయ్యడం ఇంకొకటి. ఈ రెండోదాంట్లో నేను నిరాశపడ్డాను. చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి చెరువులో దింపే పళ్ళెం) తీసి చూసి, మేత మిగిలిందో లేదో నోట్ చేసుకోవాలంటే తెర మాట వినదు. వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కుకుంటుంది. మన వేలిలో ఉన్న కొద్దిపాటి విద్యుత్ ప్రభావాన్ని పట్టుకునే తెర పనిచేస్తుంది. ఉప్పునీరు కరెంటుని మంచినీటి కన్నా బాగా పారనిస్తుంది కాబట్టి ప్రతి చుక్కా తెరకి వేలులాగే కనిపిస్తుంది. తడిచేతి మోడ్ అని ఒకటి ఇచ్చారు. వాన చినుకులకి అది బాగానే పనిచేసింది, చెరువు నీళ్ళకి పనిచెయ్యలేదు. తెర కిందున్న వేలిముద్ర సెన్సర్ కూడా అంతే, తడి వేలుని ఆరుసార్లలో ఒకసారి గుర్తుపడుతోంది. నేను మెడలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వేసుకుని దాని బటన్‌తో కాల్స్ ఎత్తుతున్నాను. జేబులో ఒక పొడి నూలుగుడ్డ తప్పనిసరి.

ఎండలో తెర బాగుంది. పన్నెండు గంటల ఎండలో, నీళ్ళ మీద నుంచి వెలుగు కొడుతున్నా వాట్సాప్ చదవగలిగాను. కాకపోతే ప్రకటనలో కనిపించే నిట్స్ (తెర వెలుగు కొలత) సంఖ్య తెర మొత్తానికి కాదు. వీడియోలో ఎక్కడో చిన్న భాగానికి, కొద్దిసేపు వచ్చే వెలుగు అది. పైగా పదిహేను నిమిషాలు ఎండలో ఉంటే ఫోన్ వేడెక్కి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటోంది. తువ్వాలు నీడలో పెట్టుకుంటే మళ్ళీ మామూలవుతుంది.

కెమెరా గురించి ఒక్క సలహా. మనం రొయ్యని అరచేతిలో పెట్టి ఫోటో తీసి టెక్నీషియన్‌కి పంపుతాం కదా, పేగు నిండుగా ఉందా, తెల్లమచ్చ తెగులు ఏమైనా ఉందా అని. దానికి మ్యాక్రో కెమెరా (బాగా దగ్గర నుంచి తీసేది) వాడకండి, అది 2 మెగాపిక్సెల్‌ది. మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి, 2ఎక్స్ పెట్టి తీయండి. ఏఐ సీన్ అనేది ఆపెయ్యండి. అది రంగుని ముదురు చేస్తుంది. మొదటి వారం నేను పంపిన ఫోటో చూసి రొయ్య ఎర్రబడిందని మా టెక్నీషియన్ గారు కంగారుపడి చెరువు దగ్గరికే వచ్చేశారు. రొయ్య బాగానే ఉంది, ఎరుపంతా ఫోటోలోదే.

సిగ్నల్‌కి వస్తే, జియో వాడేవాళ్ళు ఫోన్‌లో ఎన్28 అనే 5జీ బ్యాండ్ ఉందో లేదో స్పెసిఫికేషన్లలో చూసుకోండి. అది 700 మెగాహెర్ట్జ్, దూరం ఎక్కువ పోతుంది, గోడలు కూడా బాగా దాటుతుంది. ఊళ్ళో వేగంగా వచ్చే ఎన్78 అనే ఇంకో బ్యాండ్ చెరువుల దాకా రావడం కష్టం. మా రేకుల షెడ్డులో పాత ఫోన్‌కి ఒక గీత, దీనికి రెండు మూడు. కొబ్బరితోటల మధ్య ఉప్పుటేరు వైపు వెళ్తే మాత్రం 4జీకి పడిపోతోంది, కాల్స్‌కి ఇబ్బంది లేదు.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన విషయం. పదకొండో రోజు రాత్రి మూడింటికి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయాయి. తెల్లవారుజామునే నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుందని మీకు తెలుసు, అప్పుడు ఏరేటర్ ఆగితే ప్రతి నిమిషం లెక్కే. మా స్టార్టర్‌కి (ఏరేటర్ మోటార్లని నడిపే పెట్టెకి) ఒక యాప్ ఉంది, ఆగిన వెంటనే ఫోన్ మోగాలి. మోగలేదు. బాబాయికి మెలకువ వచ్చి జనరేటర్ వేసి నాకు ఫోన్ చేశారు కాబట్టి గండం తప్పింది. తెల్లారాక చూస్తే, బ్యాటరీ ఆదా చెయ్యడానికి ఫోనే రాత్రిపూట ఆ యాప్‌ని నిద్రపుచ్చేసింది. నేను మెచ్చుకున్న ఆ బ్యాటరీ లెక్కలో ఇది కూడా ఒక భాగమన్నమాట. కోపం వచ్చింది, కానీ తప్పు సరిదిద్దుకునే దారి ఉంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీదికి వెళ్ళి, బ్యాటరీ అన్నచోట "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టాలి. ఆటో లాంచ్ ఆన్ చెయ్యాలి. ఇటీవల వాడిన యాప్‌ల తెరలో దానికి తాళం గుర్తు వెయ్యాలి. డూ నాట్ డిస్టర్బ్‌లో దానికి మినహాయింపు ఇవ్వాలి. ఈ నాలుగూ చేశాక రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ మోగింది. అయితే పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇవి మళ్ళీ చూసుకుంటానని నాన్నగారికి మాటిచ్చాను.

ముందే వేసి వచ్చే పనికిరాని యాప్‌లు పదిహేను దాకా ఉన్నాయి, మొదటిరోజే తీసేశాను. ఫోన్ బరువుగా ఉంది, లుంగీ మడతలో నిలవదు. తెలుగులో మాట్లాడితే టైపు చెయ్యడం మా అమ్మకి బాగా నచ్చింది.

నా మటుకు నేను దీన్ని తిరిగి ఇవ్వను, బ్యాటరీ కోసం ఉంచుకుంటాను. మీరు కొంటే మాత్రం, మీ స్టార్టర్ కరెంటు పోయినప్పుడు మామూలు కాల్ చేస్తుందా, యాప్‌లో చెబుతుందా అన్నది ముందు చూసుకోండి. కాల్ అయితే ఇబ్బంది లేదు. యాప్ అయితే నేను చెప్పిన నాలుగు సెట్టింగులూ మార్చి, మొదటి రాత్రి ఫోన్‌ని ఓ మూడు గంటలు ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాత మీరే మెయిన్ ఆపి మోగుతుందో లేదో చూడండి. అప్పటిదాకా పాత ఫోన్‌లో ఆ యాప్ తీసెయ్యకండి.