"ఊరందరికీ ఉన్నావు, మాకే లేవు" అంటోంది నా భార్య

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవి. నా వయసు 31. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు యాప్‌లో క్యాబ్ నడిపాను. నాన్నకు ఒంట్లో బాగోక మూడేళ్ళ క్రితం ఇంటికొచ్చేసి, ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నాను. పంటు (ఏరు దాటించే బల్లకట్టు) దిగినవాళ్ళను రేవు నుంచి ఊళ్ళలోకి షేర్‌లో తిప్పుతాను. ఎక్కేవాళ్ళంతా బాబాయిలు, మావయ్యలు, వదినలే. "తర్వాత ఇస్తాలేరా" అంటే కాదనలేను. నా పుస్తకంలో బాకీలే 38 వేలు దాటాయి. ఆటో కిస్తీ నెలకు 7,200. రాత్రి ఎవరికి నొప్పులొచ్చినా, పాము కరిచినా, తాగి రేవులో పడిపోయినా ఫోన్ నాకే వస్తుంది. రెండు నెలల క్రితం అర్ధరాత్రి మా వీధిలో అమ్మాయికి నొప్పులొస్తే, పడవ మాట్లాడి ఏటిమొగ వైపు దాటించి, అవనిగడ్డ ఆసుపత్రి దాకా తోడు వెళ్ళాను. అదే రాత్రి మా నాలుగేళ్ళ బాబుకు జ్వరం పెరిగింది. కరెంటు లేదు. నా భార్య సెల్‌ఫోన్ లైటు వేసుకుని తెల్లవార్లూ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ కూర్చుంది. నేను పొద్దున్నే వచ్చి పడుకున్నాను. లేచి టీ అడిగాను. రెండు రోజుల తర్వాత బాబును తీసుకుని మోపిదేవి దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. "ఊరందరికీ ఉన్నావు, మాకే లేవు" అంటోంది. డబ్బులు గట్టిగా అడుగుదామంటే నాన్న ఒప్పుకోడు. "ఉప్పెనప్పుడు ఊరంతా ఒకరికొకరం నిలబడ్డాం, నువ్వు పది రూపాయల కోసం మొహం మాడ్చుకుంటావా" అంటాడు. నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. మళ్ళీ హైదరాబాద్ వెళ్ళిపోమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట చాలా చిన్నది. "లేచి టీ అడిగాను." దాన్ని మీరు దాచకుండా రాశారంటే, అక్కడేదో తప్పు జరిగిందని మీ మనసుకు తెలుసన్నమాట. ఆవిడ వెళ్ళిపోయింది మీరు కాన్పు కేసుకు వెళ్ళినందుకు కాదని నా నమ్మకం. ఆ స్థితిలో ఉన్న ఆడపిల్లను వదిలేయమని ఏ తల్లీ అనదు. మీరు తిరిగొచ్చాక బాబు నుదుటి మీద చెయ్యి వేసి చూడలేదు. "రాత్రి ఎలా గడిచింది" అని అడగలేదు. ఆ రాత్రి ఇంట్లో ఇంకొక మనిషి కూడా మేలుకుని ఉందన్న సంగతి మీకు తట్టలేదు. ఆవిడకు నొప్పి కలిగించింది అదే.

మా నాన్న పల్లెటూళ్ళో ఆర్‌ఎంపీ వైద్యుడు. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే చాలు, సైకిలెక్కి వెళ్ళిపోయేవారు. అమ్మ ఎప్పుడూ వద్దనలేదు. ఆయన పోయిన తర్వాత ఒకరోజు నాతో అంది: "వెళ్ళద్దనేదాన్ని కాదే. కానీ 'వెళ్ళి రానా' అని ఒక్కసారీ అడగలేదు." నలభై ఏళ్ళు ఆ మాట లోపలే పెట్టుకుంది. మీ భార్య రెండు రోజుల్లోనే తన బాధ బయటపెట్టింది. అది మీ అదృష్టమే అనుకోండి.

హైదరాబాద్ సంగతి ముందు తేల్చేద్దాం. అక్కడ యాప్ పిలిస్తే వెళ్ళేవారు, ఇక్కడ ఊరు పిలిస్తే వెళ్తున్నారు. రెండు చోట్లా ఇంట్లో ఉండేది తక్కువే. అక్కడ ఎక్కినవాళ్ళు యాప్‌లో రేటింగ్ ఇచ్చి దిగిపోతారు, మళ్ళీ కనబడరు. కాబట్టి డబ్బు అడగాల్సిన అవసరం మీకు పడలేదు, ఆ పని యాప్ చేసిపెట్టింది. ఇక్కడ మీరే నోరు తెరిచి అడగాలి, అడిగిన మనిషినే సాయంత్రం కొట్టు దగ్గర చూడాలి. మీకు కష్టంగా ఉన్నది దీవి కాదు, మొహమాటం. అది మీతో పాటే హైదరాబాద్ బస్సెక్కుతుంది. ఎప్పుడైనా వెళ్ళాలనుకుంటే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న తర్వాత వెళ్ళండి. ఇప్పుడు వెళ్తే పారిపోవడమే అవుతుంది.

మీ నాన్నగారి మాటను నేను తీసిపారేయను. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనను చూసిన మనిషికి ఊరంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. వేలమంది పోయిన ఆ చోట మిగిలినవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే బతికారు. కానీ ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా ఒక మాట అడగండి. "ఉప్పెన తర్వాత మళ్ళీ సంసారం నిలబెట్టుకున్నప్పుడు చేపల లెక్క, వలల లెక్క రాసుకోలేదా నాన్నా?" రాసుకునే ఉంటారు. ఆపద రాత్రి లెక్క అడగకపోవడం ధర్మం. రోజూ రేవుకి వెళ్ళొచ్చే ప్రయాణానికి లెక్క వదిలేయడం ఆ ధర్మం కిందికి రాదు. పైగా మీరు వదిలేస్తున్న ఆ 38 వేలు మీ ఒక్కరివి కావు. ఐదు కిస్తీల పైన డబ్బు అది. మీ భార్య వాటా, మీ బాబు వాటా అందులో ఉన్నాయి. వాళ్ళను అడగకుండా మీరు దానం చేస్తున్నారు.

బాకీ వసూలుకు ఒక పద్ధతి చెబుతాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో ఇంజను పడవల వేట నిషేధం. ఆ 61 రోజులు వేట మీద బతికే ఇళ్ళలో చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి, ఖాతా పెరగడం సహజం. అప్పుడు అడిగితే మాట పోతుంది, డబ్బూ రాదు. వేట మొదలై పది పదిహేను రోజులయ్యాక, చేపలో పీతలో అమ్మి డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా వెళ్ళండి, పదిమందిలో అడక్కండి. "మావయ్యా, మీది 640 ఉంది, ఈ వారం సగం ఇవ్వండి, కిస్తీ కట్టాలి" అని అంకె చెప్పి అడగండి. "ఏదో కొంచెం చూడండి" అంటే ఎవరూ చూడరు. ఇవ్వలేని ముసలివాళ్ళు ఒకరిద్దరు ఉంటే, వాళ్ళ పేజీ మీరూ మీ భార్యా కలిసి కొట్టేయండి. ఇకనుంచి ఆటోలో ఫోన్‌పే స్టిక్కర్ అంటించండి. చిల్లర లేదనే మాట సగం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: "మా ఆవిడ ఊరుకోవట్లేదు, అందుకే అడుగుతున్నా" అని మాత్రం ఎవరితోనూ అనకండి. బయటి ఊరి నుంచి వచ్చిన కోడలి మీద ఆ ముద్ర పడితే, జన్మలో పోదు.

రాత్రి ఫోన్ల గురించి. నొప్పులు, పాము కాటు, గుండె నొప్పి, చిన్నపిల్లలకు ఫిట్స్: వీటికి వెళ్ళాల్సిందే. తాగి రేవులో పడిపోయినవాణ్ణి ఇంటికి చేర్చడానికి వాళ్ళింటి వాళ్ళున్నారు. "పొద్దున్నే వస్తాను" అని చెప్పడం నేర్చుకోండి. మొదటి రెండుసార్లు తిడతారు, మూడోసారి ఇంకొకరిని పిలుస్తారు. ఇంకా ఎవరెవరికి ఆటోలున్నాయో వాళ్ళందరితో కూర్చుని రాత్రులకు వంతులు వేసుకోండి. ఆశా కార్యకర్త దగ్గర ఏ గర్భిణికి ఏ తేదీ ఇచ్చారో రాసి ఉంటుంది. ఆవిడతో మాట్లాడితే, నెలలు నిండినవాళ్ళను నాలుగు రోజుల ముందే అవతలి ఒడ్డున చుట్టాల ఇంటికి చేర్చమని ఇంటివాళ్ళకు చెప్పవచ్చు. అర్ధరాత్రి పడవలో తీసుకెళ్ళడం కంటే ఆ తల్లికి కూడా అదే మంచిది. తప్పనిసరైతే ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే 108కి ఫోన్ చేయించండి. పడవ దాటేలోపు బండి అవతలి రేవుకు రావచ్చు. అప్పుడు మీరు ఆసుపత్రి దాకా వెళ్ళక్కర్లేదు, రేవు నుంచే ఇంటికి తిరగవచ్చు.

ఇంకో సంగతి మీరు రాయలేదు, నాకే భయం వేసింది. రాత్రంతా తిరిగి, పొద్దున్నే ఆటో నిండా బడిపిల్లలను ఎక్కించుకుంటే కన్ను మూతపడడానికి ఒక్క క్షణం చాలు. రాత్రి వెళ్ళిన మరుసటి పూట బండి తీయకండి. 2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సొంత ఆటో నడిపేవాళ్ళకు 15 వేలు ఇచ్చింది. మీకు అంది ఉంటే అది ఇన్సూరెన్స్‌కు, ఫిట్‌నెస్‌కు పోవాలి, ఇంటి ఖర్చుకు కాదు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా వస్తుంది, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి రెండు లక్షలు ఇస్తారు. వెంటనే చేయించండి. నిద్ర ఇలాగే పట్టకపోయినా, టెన్షన్ మోయలేననిపించినా 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆవిడ దగ్గరికి. పెద్దమనుషులను తీసుకెళ్ళకండి, నాన్నగారిని కూడా వద్దు. ఒక్కరే వెళ్ళండి. వెళ్ళగానే "నేనేం చెయ్యను, వాళ్ళు పిలిచారు" అని మొదలుపెట్టకండి. ఆ మాట ఆవిడ ఎన్నోసార్లు విని ఉంటుంది. "ఆ రాత్రి ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు" అని అడిగి వినండి. జ్వరం ఎంత పెరిగింది, ఎన్నింటికి తగ్గింది, ఎవరిని పిలిచింది, ఎవరు రాలేదు. మధ్యలో సర్దిచెప్పకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ తర్వాత మీ బాకీల పుస్తకం ఆవిడ ముందు పెట్టండి. రాత్రి వంతుల సంగతి చెప్పండి. మీ వంతు కాని రాత్రి ఫోన్ మోగితే ఎవరు ఎత్తాలో, ఏమని చెప్పాలో ఆవిడతో కలిసి నిర్ణయించుకోండి.

ఆవిడ దీవికి రానంటే కోపం తెచ్చుకోకండి. బాబు బడి కోసం నాగాయలంకలో గది తీసుకుని, మీరు పొద్దుటి పంటుకు వచ్చి సాయంత్రం వెళ్ళే ఏర్పాటు కుదురుతుందేమో ఇద్దరూ లెక్క వేసుకోండి. నాన్నగారి ఆరోగ్యం కూడా ఆ లెక్కలో ఉండాలి కాబట్టి, అది ఒక్క రోజులో తేలే విషయం కాదు. తేలకపోయినా ఫరవాలేదు.

ఈ ఆదివారమే వెళ్ళండి. ముందు రోజే మిగతా డ్రైవర్లకు చెప్పి, ఫోన్లు వాళ్ళకు వచ్చేలా చూసుకోండి. చిన్న థర్మామీటర్ ఒకటి, మీ ఏఎన్ఎమ్‌ను అడిగి బాబు బరువుకు తగిన జ్వరం మందు ఒకటి కొని పట్టుకెళ్ళండి. చివరి పంటు అందుకోవాలని గడియారం చూసుకోవద్దు. రాత్రి అక్కడే ఉండిపోండి, పొద్దున్న బాబు లేచేసరికి మీరు పక్కనే ఉండాలి.