ప్రార్థనలో మాట రాకపోతే దేవుడు వదిలేసినట్టా?

ప్రశ్న: మేడమ్, వందనాలు. మాది జమ్మికుంట దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు, ఐదేళ్ల బాబు ఉన్నాడు. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తాడు. పోయినేడు లీవు మీద వచ్చి వెళ్లాక కడుపు నిలిచింది, కానీ ఐదో నెలలో పోయింది. ఆయనకు మళ్లీ లీవు దొరకలేదు. అప్పటి నుంచి ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటున్నాను. రాత్రి ఒంటిగంటకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఆదివారం అందరూ లేచి ‘ప్రభువు నాతో మాట్లాడాడు’ అని సాక్ష్యం చెబుతుంటే, నేను తల మీద కొంగు ఇంకా ముందుకు లాక్కుంటాను. కూడికలో ఒక పెద్దామె ‘ఏదో పాపం దాచుకున్నావు, ఒప్పుకో’ అంది. ఆయనా దూరమే, దేవుడూ దూరమే. నన్ను వదిలేశాడా?

జవాబు: అమ్మా, ముందు ఆ పెద్దామె మాట సంగతి తేల్చేద్దాం. అది తప్పు మాట. బైబిల్లో యోబు అనే భక్తుడు బిడ్డలందరినీ పోగొట్టుకుని బూడిదలో కూర్చుంటే, స్నేహితులు వచ్చి అదే అన్నారు. నీలో ఏదో పాపం ఉంది, అందుకే ఇలా అయింది అన్నారు. యోబు గ్రంథం చివరి అధ్యాయం తీసి చూడండి. నా కోపం మండుతోంది అని దేవుడు చెప్పింది ఆ స్నేహితులతో. ఐదో నెలలో గర్భం పోవడానికి వైద్యపరమైన కారణాలు ఉంటాయి. గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఇన్ఫెక్షన్, బీపీ, షుగర్, ఇలా ఎన్నో. మళ్లీ బిడ్డ కావాలనుకునే ముందు, కరీంనగర్‌లోనో హనుమకొండలోనో ఒక గైనకాలజిస్టుకు పాత రిపోర్టులన్నీ చూపించండి. కొన్నిసార్లు కారణం దొరకదు. దొరకనంత మాత్రాన అది మీ పాపం అయిపోదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ‘ఆయనా దూరమే, దేవుడూ దూరమే.’ రెండు బాధలు కలిసి ఒకే ముడి పడ్డాయని నాకనిపిస్తోంది. కడుపు పోయిన రోజు పక్కన భర్త లేడు. ఆ రోజు మీ చెయ్యి పట్టుకోవాల్సిన మనిషి ఫోన్లో గొంతు మాత్రమే అయ్యాడు. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. ప్రార్థనలో కూర్చుని వెతుక్కుంటున్నది కూడా ఆ చెయ్యినే అయి ఉండొచ్చు. అది దొరక్కపోయేసరికి, దేవుడే లేడు అనిపిస్తోంది. మనసు అలా అనుకోవడం సహజం. కానీ మీ ఆయన లేని లోటు మీ ఆయన లేని లోటే. దాన్ని దేవుడు వెళ్లిపోయిన గుర్తుగా చదవకండి.

ఆ లోటు గురించి ఆయనతోనే మాట్లాడాలి. బాబు ఫీజు, ఏజెంటు అప్పు, అత్తమ్మ మందులు కాకుండా ఒక్క ఫోను దీనికోసమే పెట్టుకోండి. మన రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడ ఎనిమిది అవుతుంది. డ్యూటీ దిగి ఉంటే ‘ఆ రోజు నువ్వు లేవని నాకింకా నొప్పిగా ఉంది’ అని చెప్పండి. నిందించడానికి కాదు. ఆయన కూడా ఆ గదిలో, పది మంది మధ్య, ఏడవలేక ఉండి ఉంటాడు. బిడ్డ ఆయనకూ పోయింది కదా.

ఉపవాసం మాత్రం కొన్నాళ్లు ఆపండి. పాస్టరు గారు అడిగితే నేనే చెప్పానని చెప్పండి. ఏలీయా ప్రవక్త ఎడారిలో బదరీచెట్టు కింద పడిపోయి ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. అప్పుడు దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు, విశ్వాసం తక్కువైందని గద్దించలేదు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, సీసాలో నీళ్లు తల దగ్గర పెట్టించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. దేవుడి మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే, కొండ దగ్గర. మీరు నెలల తరబడి సరిగా తినక, నిద్రపోక, ఆ స్వరం కోసం చెవి పెట్టి కూర్చున్నారు. ముందు కడుపునిండా తినండి తల్లీ.

మా నాన్న ఆస్పత్రిలో ఉన్న రాత్రుల్లో నాకూ ఇలాగే అయింది. వార్డు బయట బెంచీ మీద బైబిలు ఒళ్లో పెట్టుకుని, ‘ప్రభువా’ దగ్గరే ఆగిపోయేదాన్ని. అమ్మ ఏమీ అనకుండా 88వ కీర్తన తీసి నా వేలు దాని మీద పెట్టింది. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ముగుస్తుంది అది. చివర్లో వెలుగు లేదు, స్తోత్రం లేదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు. మీకు మాటలు రాని రాత్రి దాన్ని చదవండి, చాలు. సాక్ష్యం వేళ చెప్పడానికి ఏమీ లేకపోతే చెప్పకండి. ఆ వెనక వరుసలో కొంగు కింద కూర్చుని ఉన్నప్పుడు కూడా మీరు ఆయన సన్నిధిలోనే ఉన్నారు. ఏడుపు తన్నుకొచ్చినా మందిరానికి వెళ్లడం మానలేదు కదా.

యెషయా గ్రంథం 49వ అధ్యాయంలో దేవుడు తన ప్రేమకు పోలిక కావాలనుకుని చంటిపిల్ల తల్లిని ఎంచుకున్నాడు. ‘వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను’ అన్నాడు. మీరు ఐదు నెలలు మోసిన బిడ్డను ఈ ఏడాదిలో ఒక్క రోజైనా మరిచారా? మీరు మరవలేదు. ఆయన ప్రేమ మీ ప్రేమకంటే తక్కువ అనుకోకండి.

నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఇలాగే ఉంటే డాక్టరుకు చెప్పండి. మనసు బాధల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, దాని 14416 నంబరుకు రాత్రయినా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనిపించిన క్షణం వస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇంట్లో వాళ్లను లేపండి, ఆ నంబరుకు చేయండి. మీ సంఘంలో తిట్టకుండా వినే మనిషి ఒకరు ఉండే ఉంటారు. పాస్టరమ్మ గారు కావచ్చు, పక్కింటి అక్క కావచ్చు. ఆ ఒక్కరికి అంతా చెప్పండి.

ఇంకొక్క మాట. ఆ బిడ్డకు మనసులో పేరేదైనా అనుకున్నారా? అనుకుని ఉంటే, ఈ రాత్రి ప్రార్థనలో ఆ పేరు పైకి పలకండి. వేరే మాట రాకపోయినా ఫరవాలేదు.