బయో డేటా కొలువు: లక్షన్నర కట్టేముందు

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ లాంటి చోట పనిచేస్తానంటున్నాడు. అదీ ఒక ఉద్యోగమేనా? లక్షన్నర కట్టి ‘ఏఐ బయోఇన్ఫర్మేటిక్స్’ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) కోర్సులో చేర్చమంటారా, పీహెచ్‌డీ మేలా?
- ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: బయోటెక్నాలజీలో చేర్చి తప్పు చేశామా అన్నదే మీ అసలు బెంగ. తప్పేమీ చేయలేదు. ఆ కేంద్రం 2022 నవంబరులో మొదలైంది. ప్రభుత్వ నిధులతో జరిగే జీవశాస్త్ర పరిశోధనల డేటాను భద్రపరిచి, మిగతా పరిశోధకులకు అందించడం దాని పని. హైదరాబాద్‌లోని మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పాల్గొన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో పదివేల మంది జన్యుక్రమాలు తీశారు. ఆ డేటా ఉన్నది ఈ ఫరీదాబాద్ కేంద్రంలోనే. మనుషుల వివరాలు కనుక దరఖాస్తు పరిశీలించాకే ఇస్తారు.

అలాంటి చోట రోజువారీ పనిలో ఎక్కువ భాగం తప్పులు పట్టడమే. శాంపిల్ ఎక్కడ, ఎప్పుడు తీశారో ఉండదు. జీవి పేరులో స్పెల్లింగ్ తప్పుతుంది. జతగా రావాల్సిన రెండు ఫైళ్లలో రీడ్ల (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కల) సంఖ్య కలవదు. అప్‌లోడ్ మధ్యలో తెగితే చెక్‌సమ్ (ఫైలు చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో చెప్పే గుర్తు) సరిపోదు. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ మార్చి 1వ తేదీగా మార్చేస్తుంది. ఈ గోల పడలేకే 2020 నాటికి అలాంటి జన్యువుల పేర్లనే మార్చేశారు! ఇంత ఓపిక మీవాడికి ఉందా? మీ ఉత్తరంలో ఫీజు లెక్క ఉంది, ఆ సంగతి ఒక్క ముక్కా లేదు.

ఇక ఆ కోర్సు. నాకు నమ్మకం లేదు. లైనక్స్ టెర్మినల్ (కంప్యూటర్‌కు ఆదేశాలు టైప్ చేసే తెర) తెరవడం రాని పిల్లలకు ఆర్నెల్లలో డీప్ లెర్నింగ్ నేర్పుతామంటారు. వాళ్లు తయారుచేసిచ్చిన శుభ్రమైన డేటా మీద వాళ్ల కోడే నడిపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఇంటర్వ్యూలో చిందరవందర ఫైలొకటి ఇస్తే పిల్లాడు తెల్లమొహం వేస్తాడు. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ కాగితం మీద రాసిస్తారా అని అడిగారా? పక్కింటివాళ్లు చేర్చారని లక్షన్నర తీసేవాళ్లు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడటం ఏం న్యాయం?

బదులుగా ఈ నెల ఖర్చులేని పరీక్ష పెట్టండి. ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు. యూరప్‌వాళ్ల ఉచిత జన్యుడేటా భాండాగారం ఈఎన్‌ఏ నుంచి 500 ఎంబీ లోపు ఉండే ఏదైనా బ్యాక్టీరియా ఫాస్ట్‌క్యూ ఫైళ్ల (రీడ్లు, వాటి నాణ్యత రాసుండే ఫైళ్లు) జత దించుకోమనండి. ఎండీ5 అనే చెక్‌సమ్ విలువలు అక్కడ ఇచ్చిన వాటితో సరిచూడాలి. రీడ్‌కు నాలుగు వరుసలు కనుక, వరుసలను నాలుగుతో భాగించి రెండు ఫైళ్లలో లెక్క కలిసిందో లేదో చూడాలి. నాణ్యత చూసే ఫాస్ట్‌క్యూసీ ప్రోగ్రామ్ నడిపి నాణ్యత ఎక్కడ పడిపోయిందో రాయాలి. చివరగా శాంపిల్ వివరాల పట్టిక సొంతంగా నింపాలి. ఇదంతా నలుగురూ చూసేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెడితే, రెజ్యూమెలో సర్టిఫికెట్ కన్నా ఇదే ఎక్కువ మాట్లాడుతుంది.

పీహెచ్‌డీ సంగతి: నెట్ పరీక్ష సంగతులు మీవాడికి తెలిసినవే. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో మొదలవుతుంది, వదులుకోవద్దు. డేటా కేంద్రాల్లో ఖాళీలు తక్కువ, చాలావరకు ప్రాజెక్టు కాంట్రాక్టులే. అయినా కంగారొద్దు, ఇదే నైపుణ్యం జీనోమిక్స్ కంపెనీలకూ, హైదరాబాద్ ఫార్మా సంస్థలకూ కావాలి. నెల తిరిగేసరికి ఆ పట్టిక పూర్తయితే పైథాన్ ప్రోగ్రామింగ్, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టించండి. సగంలో విసుగొచ్చి వదిలేస్తే తిట్టకండి, ల్యాబ్ వైపు పంపండి.