గట్టిగా ఉన్న వెండి ఫిల్లింగును భయంతో తీయించవద్దు

మీది కవిటి దగ్గర ఊరని, నాన్నగారికి కిడ్నీ జబ్బని, ఆయన దవడ పళ్లలో పన్నెండేళ్ల నాటి వెండి ఫిల్లింగులు రెండున్నాయని రాశారు. వాటిలోని పాదరసమే కిడ్నీలను పాడు చేసిందని ఎవరో వీడియో పంపితే, వెంటనే తీయించేయాలా అని అడిగారు. దయచేసి తొందరపడకండి. నేను అలాగే తొందరపడి నష్టపోయాను.

మాది సోంపేట. 1996లో, పదో తరగతిలో ఉండగా, శ్రీకాకుళంలో నాకు వెండి ఫిల్లింగు వేశారు. అక్కడి సహాయకుడు చిన్న గాజు కల్వంలో లోహపు పొడి, పాదరసం వేసి నూరి, ఆ ముద్దను గుడ్డలో పెట్టి పిండాడు. మెరిసే బొట్లు పళ్లెంలోకి జారి, ఒకదాని వెంట ఒకటి పరుగెత్తి కలిసిపోయాయి. అంతా ఒట్టి చేతులతోనే. రోజూ ఆ పాదరసపు ఆవిరి పీల్చిన ఆ అబ్బాయిని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ ముద్ద బరువులో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. గట్టిపడ్డాక పాదరసం ఆ లోహాలతో కలిసిపోతుంది. అయినా నమిలినప్పుడు, పళ్లు నూరినప్పుడు అతి స్వల్పంగా ఆవిరి వస్తుంది. అలా ఒంట్లో చేరిన పాదరసంలో కొంత మూత్రపిండాల్లో నిలుస్తుంది. కాబట్టి మీ అనుమానం అర్థం లేనిదేమీ కాదు. కానీ మన ఉద్దానం ప్రాంతంలో ఎందరికో వస్తున్న కిడ్నీ జబ్బుకు ఇదే కారణమనడం మాత్రం నేను ఒప్పుకోను. మా నాన్నగారికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పెరిగే వ్యర్థ పదార్థం) పెరిగిందని తెలిసిన నాటికి ఆయన నోట్లో ఒక్క ఫిల్లింగూ లేదు.

ఆయన జబ్బు బయటపడ్డాకే నాకు భయం పట్టుకుంది. 2015లో ఒక క్లినిక్‌కు వెళ్లి, ఏ ఇబ్బందీ పెట్టని నా ఫిల్లింగును పట్టుబట్టి తీయించాను. పంటి చుట్టూ రబ్బరు తొడుగు వేయలేదు. డ్రిల్లు తిరుగుతుంటే బూడిదరంగు రజను నాలుక మీద పడింది, రెండు రోజులు నోట్లో లోహపు రుచి పోలేదు. ఫిల్లింగుతో పాటు మంచి పన్నూ అరిగి నరం దాకా వెళ్లింది. చివరికి రూట్ కెనాల్, దాని మీద క్యాపు. పాదరసానికి భయపడి వెళ్లినవాణ్ణి, అది ఎక్కువగా ఆవిరయ్యే పనినే డబ్బిచ్చి చేయించుకున్నాను.

2020 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెప్పిందీ ఇదే. కిడ్నీ పనితీరు తగ్గినవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు కొత్తగా వెండి ఫిల్లింగు వేయకపోవడం మంచిది. బాగున్న పాతదాన్ని మాత్రం వైద్యపరమైన అవసరం లేకుండా తీయవద్దు. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి నుంచి వీటి వాడకం దాదాపు ఆపేశారు. పాదరసం నీటిలో, నేలలో చేరకూడదన్నది దానికి పెద్ద కారణం.

అందుకని నాన్నగారి ఫిల్లింగులు పగిలాయా, అంచుల్లో పుచ్చు పట్టిందా అని ఒకసారి చూపించండి. బాగుంటే వదిలేయండి. తీయక తప్పకపోతే రబ్బరు తొడుగు వేసి, నీళ్లు చల్లుతూ, గట్టిగా పీల్చే గొట్టం పెట్టి తీస్తారా అని ముందే అడగండి. కొత్తగా పుచ్చితే పాదరసం లేని ఫిల్లింగు, అంటే గ్లాస్ అయోనోమర్ గానీ కాంపోజిట్ గానీ వేయమనండి. మా నాన్నగారికి మొదటిదే వేశారు.

ఫిల్లింగు కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది నొప్పి మాత్రలు. కిందటేడు పంటి నొప్పని నాన్నగారు మందుల దుకాణంలో అడిగితే డైక్లోఫెనాక్ ఇచ్చారు. ఆయన వేసుకోబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు తాజా క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లి, కుర్చీలో కూర్చోకముందే చూపించండి. రాసిన మాత్రలను కిడ్నీ డాక్టరుకు ఫోను చేసి చెప్పాకే వేయండి.