ఇంట్లో విమానం నడపబోయే మేనల్లుడికి

కడప

చిరంజీవి అల్లుడికి అత్త ఆశీస్సులు.

నాయనా, ఇంట్లో విమాన సిమ్యులేటర్ (కంప్యూటర్ తెరమీద విమానం నడిపే ఏర్పాటు) కట్టుకోవడానికి నువ్వు పంపిన సామాన్ల జాబితా శ్రద్ధగా చదివాను. అందులో సగానికి పైగా డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించావు. పవర్ సప్లయ్‌కి మిగిలినదేదో సర్దావు. యోక్ (విమానాన్ని నడిపే చేతిపిడి), రడ్డర్ పెడళ్ళు (విమానం ముక్కును పక్కలకు తిప్పే కాలి పెడళ్ళు) తర్వాత చూసుకుందామని రాశావు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ నడిపినన్నాళ్ళూ, పదవీ విరమణ తర్వాత ఈ సిమ్యులేటర్ పనిలో దిగిన నాటి నుంచీ నాలో బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ యంత్రానికి వేగం కన్నా నిలకడ ముఖ్యం. గోడలోంచి వచ్చే కరెంటు, కంప్యూటర్ డబ్బా లోపలి ఉష్ణోగ్రత, చేతికింద లివర్ పంపే విలువ, తెరమీద బొమ్మ మారే లయ, ఈ నాలుగూ నిలకడగా ఉండాలి. వీటిలో ఏది తడబడినా రన్‌వే దగ్గరపడుతున్న చివరి నిమిషంలో నీ చేతికి తెలిసిపోతుంది. కాబట్టి నీ జాబితా క్రమాన్ని మార్చి, మొదట చేయవలసినది మొదట చెబుతాను.

ఏ భాగమూ కొనకముందే మీ ఇంటి ఎర్తింగ్ చూపించు. మన రాయలసీమలో ఎండాకాలం నేల లోతుకంటా ఎండిపోతుంది, దానితో ఎర్త్ గుంత పనిచేయడం మానేస్తుంది. ఎర్త్ సరిగా లేని ఇంట్లో కంప్యూటర్ డబ్బాను తాకితే వేళ్ళకు జిల్లుమంటుంది. పవర్ సప్లయ్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే చిన్న లీకేజీ కరెంటుకు నేలలోకి పోయే దారి లేకపోవడమే దానికి కారణం. నువ్వు చేతితో తయారు చేసే లివర్ల సెన్సార్లు కూడా ఆ డబ్బానే ఆధారంగా తీసుకుంటాయి కనుక, ఎర్త్ లోపం విలువల్లో వణుకుగా కూడా కనిపించవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవమని అడుగు. అది రెండు మూడు వోల్టులకు మించి ఉంటే గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవి అంతా నీళ్ళు పోస్తూ ఉండండి. మీ నాయనకు ఈ పని బాగా తెలుసు, ఆయన్ను అడుగు.

యూపీఎస్ విషయంలో డబ్బా మీద రాసిన వీఏ అంకె చూసి మోసపోవద్దు. 600 వీఏ అని రాసి ఉన్న చిన్న యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల దాకానే ఇస్తాయి. గ్రాఫిక్స్ కార్డు నిండు పనిలో ఉండగా కరెంటు పోతే అది ఆ క్షణంలోనే చేతులెత్తేస్తుంది. మంచి పవర్ సప్లయ్‌లలో కరెంటును సమంగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది, దానికి ప్యూర్ సైన్ వేవ్, అంటే గోడ కరెంటులాంటి నున్నని అల ఇచ్చే యూపీఎస్ నప్పుతుంది. ఇంట్లో ఫ్యాన్ల కోసం పెట్టుకున్న స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ కంప్యూటర్‌ను నడపవద్దు. పవర్ సప్లయ్ మటుకు పేరున్న కంపెనీది, నీ లెక్క ప్రకారం గరిష్ఠంగా అవసరమయ్యే వాట్ల కన్నా మూడో వంతు ఎక్కువ సామర్థ్యం ఉన్నది తీసుకో. ఇక్కడ మిగిల్చిన డబ్బు డబ్బు కాదు.

ఇక ప్రాసెసర్. మామూలు ఆటలకూ విమాన సిమ్యులేటర్‌కూ ఉన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. విమానం కదలిక, దాని వ్యవస్థలు, చుట్టూ ఉన్న ట్రాఫిక్, కిందనుంచి పుట్టుకొచ్చే నేల, వీటి లెక్కలు చాలావరకు ఒకే ప్రధాన థ్రెడ్ మీద, అంటే ఒక్క కోర్ చేసే ఒకే పని వరుసలో నడుస్తాయి. అందువల్ల పదహారు కోర్లు ఉన్నాయన్న గొప్ప కన్నా, ఒక్కో కోర్ ఎంత చురుకైనది, దాని పక్కన ఎంత క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) ఉన్నది అన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్, 2023లో వచ్చిన 7800ఎక్స్3డీ రెండింటిలోనూ 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది. సిమ్యులేటర్ నడిపేవారు వాటిని ఇంతగా కోరుకోవడానికి అదే కారణం. ర్యామ్ 32 జీబీ పెట్టు. 2024 నవంబరులో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు సిఫారసు చేసినది కూడా అంతే. కొన్నాక బయోస్ (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు అమరికల తెర) లోకి వెళ్ళి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అన్న అమరికను తప్పక ఆన్ చేయి. లేకపోతే నువ్వు డబ్బు పెట్టి కొన్న వేగం పెట్టెలోనే ఉండిపోయి, ర్యామ్ దాని ప్రాథమిక వేగంతోనే నడుస్తుంది. ఆ తర్వాత ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రాము నడిపి, ఒక్క తప్పు కూడా రాలేదని చూసుకున్నాకే విండోస్ ఎక్కించు.

గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దది కావాలన్నది నీ మానిటర్ నిర్ణయిస్తుంది. 1440పీ తెరకు మధ్యస్థాయి కార్డు చాలు, 4కే అయితేనే పెద్దది అవసరం. సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీదికి వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేముల సంఖ్య) పట్టీ తెరిస్తే, ఆగుతున్నది మెయిన్‌థ్రెడ్ (ప్రాసెసర్ మీది ఆ ప్రధాన థ్రెడ్) వల్లనా, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వల్లనా అని అదే చెబుతుంది. మెయిన్‌థ్రెడ్ అని వస్తున్నప్పుడు ఎంత ఖరీదైన కార్డు మార్చినా ఫలితం ఉండదు. అప్పుడు టెరైన్ లెవెల్ ఆఫ్ డిటైల్ (నేల ఎంత వివరంగా కనిపించాలన్న అమరిక), ట్రాఫిక్ తగ్గించాలి. జీపీయూ అని వస్తే మేఘాల నాణ్యత, రిజల్యూషన్ తగ్గించాలి. ఈ రెండూ కలిపి తిప్పితే దేనివల్ల మేలు జరిగిందో ఎవరికీ తెలియదు. ఫ్రేముల సంఖ్య గురించి కుర్రవాళ్ళు పోటీ పడతారు గాని, విమానంలో 30 ఫ్రేములు ఒకే లయలో వస్తే హాయిగా దిగవచ్చు. 70కీ 35కీ మధ్య ఊగిసలాడే బొమ్మతో ల్యాండింగ్ కుదరదు. నీ మానిటర్ 60 హెర్ట్‌జ్‌ది అయితే ఫ్రేములను 30 దగ్గర కట్టివేయి.

అనంతపురం ఎండల సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్, కార్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో చల్లగా నడిచిన యంత్రం ఏప్రిల్ నెలాఖరున తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 7800ఎక్స్3డీకి గరిష్ఠ పరిమితి 89 డిగ్రీలు. కాబట్టి పరీక్షలన్నీ మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ లేకుండా చేసి చూసుకో. కార్డుకు వోల్టేజీ కొద్దిగా తగ్గించి నడిపితే వేగం పెద్దగా పోకుండానే వేడి గణనీయంగా తగ్గుతుంది. డబ్బాలోకి గాలి తోసే ఫ్యాన్లు బయటికి లాగేవాటి కన్నా ఎక్కువగా ఉండి, లోపలికి వచ్చే ప్రతి దారికీ జాలీ ఉంటే దుమ్ము సందుల్లోంచి చొరబడదు. ఆ జాలీని పక్షానికొకసారి దులుపు. డబ్బాను నేలమీద పెట్టకు. ఎయిర్ కూలర్ గాలి దాని మీదికి నేరుగా తగలనివ్వకు. మన బోరునీళ్ళలోని లవణాలు ఆ తేమతోపాటు వచ్చి బోర్డుల మీద చేరతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తాను. విమానం నడపడం నేర్పే తొలి యంత్రాల్లో పేరుపొందిన దానిని 1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ తయారు చేశాడు. వాళ్ళ కుటుంబానిది పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే వ్యాపారం. ఆర్గాన్‌లో గాలి నింపే తిత్తులతోనే అతడు ఆ పెట్టెను ఊగేలా చేశాడు. బొమ్మ చూపే తెర లేని ఆ పెట్టెలోనే రెండో ప్రపంచ యుద్ధ కాలపు పైలట్లు ఎందరో పరికరాలను చూసి ఎగరడం నేర్చుకున్నారు. చేతికీ కాలికీ తెలిసేది సరిగా ఉంటే మనసు మిగతాది పూరించుకుంటుందని నేను నమ్మేది అందుకే. నీ డబ్బులో పెద్ద వాటా చేయి తాకేచోట పెట్టు.

మొదట థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే లివర్) తయారు చేయి, అది తేలిక. తర్వాత పెడళ్ళు. యోక్ చివరన. వీటిని కంప్యూటర్‌కు కలపడానికి ఆర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న ప్రోగ్రాము బోర్డు చాలు. అందులోని ఏటీమెగా32యు4 చిప్‌కు సొంతంగా యూఎస్‌బీ ఉంది కనుక తగిన ప్రోగ్రాము ఎక్కిస్తే విండోస్ దానిని జాయ్‌స్టిక్‌గానే గుర్తిస్తుంది. ఆర్డుయినోలోనే మరో రకమైన ఊనో బోర్డుకు ఆ సౌకర్యం నేరుగా లేదు. ప్రో మైక్రో బోర్డు వోల్టేజీని 1024 మెట్లుగా కొలుస్తుంది. ఇక్కడ ఒక లెక్క గమనించు. మామూలు పొటెన్షియోమీటర్ (తిప్పితే వోల్టేజీ మారే మీట) దాదాపు 300 డిగ్రీలు తిరుగుతుంది, నీ పెడల్ కదిలేది 60 డిగ్రీలే అయితే 1024 మెట్లలో నీకు దక్కేవి 200 పైచిలుకే. రన్‌వే మధ్యగీత మీద నిలబడడానికి అవి చాలవు. పెడల్ ఇరుసు మీద పెద్ద పళ్ళచక్రం, పొటెన్షియోమీటర్ మీద చిన్నది పెట్టి ఆ 60ని 240 చేసుకో. కొనేటప్పుడు బీ10కే అని ఉన్నది అడుగు. బీకి బదులు ఇంగ్లీషు ‘A’ అక్షరం ఉన్నది శబ్దం పెంచే పనికి చేసినది, అది సమానంగా పెరగదు.

ఇంకా మంచి మార్గం అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సార్. 49ఈ అన్న చిన్న భాగం అయస్కాంతం దగ్గరపడేకొద్దీ వోల్టేజీ మారుస్తుంది. ఒకదానినొకటి తాకే భాగాలు లేవు కనుక మన దుమ్ముకు అది అరగదు. ఒకే అయస్కాంతం వాడితే విలువ వంకరగా పెరుగుతుంది. రెండు అయస్కాంతాలను ఎదురెదురుగా, ఒకదాని ఉత్తర ధ్రువం మరోదాని దక్షిణ ధ్రువాన్ని చూసేలా ఇరుసుతోపాటు తిరిగే చట్రంలో బిగించి, వాటి నడుమ సెన్సార్‌ను కదలకుండా నిలబెడితే మధ్యభాగంలో విలువ దాదాపు సరళరేఖలో మారుతుంది. సెన్సార్ సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. షీల్డ్ ఉన్న తీగ వాడి, దాని జాలీని బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్‌కు కలుపు. దీపాలకు, అంకెల డిస్‌ప్లేలకు వెళ్ళే కరెంటు సెన్సార్ గ్రౌండ్ తీగ గుండా పోకూడదు. లైట్లు వేసినప్పుడల్లా విమానం ఒక పక్కకు లాగుతోందంటే సాధారణంగా కారణం ఇదే. ఇంత చేశాక కూడా విలువ వణికితే ప్రోగ్రాములో పదహారు కొలతలు తీసి సగటు చేయి. అంతకుముందు చేయవద్దు, ఎందుకంటే సగటు తీగలోని లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

యోక్ ముందుకూ వెనక్కూ జరగడానికి వడ్రంగులు సొరుగులకు వేసే బాల్ బేరింగ్ చానెల్ సరిపోతుంది. కొనేముందు దుకాణంలోనే పూర్తిగా లాగి అటూ ఇటూ ఆడించి చూడు, వదులుంటే వద్దను. ఇరుసులకు 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న 608 బేరింగులు ఎక్కడైనా దొరుకుతాయి. స్ప్రింగుల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను, తేలికవి వేయి. నిజమైన సెస్నాలో వేగం పెరిగేకొద్దీ యోక్ బిగుసుకుంటుంది, చేతి మీది ఒత్తిడిని సరిదిద్దే ట్రిమ్ చక్రం తిప్పితే ఆ భారం పోతుంది. మన స్ప్రింగు ఆ రెండూ చేయలేదు. బిగువైన స్ప్రింగు మధ్యలో ఒక గాడిలా చేతిని పట్టుకొని, చిన్న సవరణ చేయనివ్వదు.

పెడళ్ళ అడుగుకు ప్లైవుడ్ వద్దు. బ్రేకు తొక్కినప్పుడల్లా ముందుకు జారిపోతుంది. మన కడప బండ ఒకటి మందంగా చూసి కోయించి, బోల్టులకు రంధ్రాలు ఆ పాలిష్ యూనిట్‌లోనే వేయించు. కింద రబ్బరు షీటు అంటిస్తే ఎంత తొక్కినా కదలదు. తాడిపత్రి నీకు దగ్గరే కనుక అక్కడ కూడా ఇలాంటి నాపరాయి దొరుకుతుంది.

స్విచ్చుల ప్యానెల్ గురించి ఎక్కువ రాయను, తీరిగ్గా చేసుకో. స్విచ్చులు ఎక్కువైతే వరుసలు, నిలువులుగా కలిపి ప్రతిదానికీ ఒక 1ఎన్4148 డయోడ్ వేయి. లేకపోతే రెండు మూడు ఒకేసారి నొక్కినప్పుడు నొక్కనివి కూడా నొక్కినట్టు కనిపిస్తాయి. రేడియో అంకెలు చూపడానికి ఒక మ్యాక్స్7219 చిప్ ఎనిమిది అంకెలను నడుపుతుంది. మోబీఫ్లైట్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక మెగా 2560 బోర్డు ఉంటే ప్రోగ్రాము రాయకుండానే ఇదంతా సిమ్యులేటర్‌తో మాట్లాడుతుంది. విడిభాగాలకు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోవడం నీకు సులువు.

అన్నీ కలిపాక క్యాలిబ్రేషన్ (లివర్ల కనిష్ఠ, మధ్య, గరిష్ఠ విలువలు సరిచూసి పెట్టడం) ఒకేచోట చేయి. బోర్డు ప్రోగ్రాములో ఒకసారి, విండోస్‌లో ఒకసారి, సిమ్యులేటర్‌లో ఒకసారి చేస్తే లోపం ఎక్కడుందో వెతకలేవు. డెడ్ జోన్‌ను, అంటే లివర్ మధ్యలో కదలికను పట్టించుకోని భాగాన్ని సున్నా దగ్గర మొదలుపెట్టి, చేయి వదిలినప్పుడు విలువ ఎంత వణుకుతోందో అంతవరకే పెంచు. విండోస్ పవర్ ఆప్షన్లలో, వాడని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపివేయి. చాలాసేపు కదల్చని లివర్ ఎగురుతుండగా మాయం కావడానికి అదొక కారణం. బోర్డులన్నీ సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కే తగిలించు.

మార్పులు చేసే ప్రతిసారీ పోల్చుకోవడానికి ఒకే ప్రయాణం పెట్టుకో. కడపలో ఎక్కి, సెస్నా 172లో ఓర్వకల్లు దగ్గరి కర్నూలు విమానాశ్రయంలో దిగు. అది 2021 మార్చిలో ప్రారంభమైనది కనుక పాత సిమ్యులేటర్లలో ఉండకపోవచ్చు, ముందే చూసుకో. దూరం సుమారు 80 నాటికల్ మైళ్ళు, ముప్పావు గంట పని. ప్రొద్దుటూరు ఎడమచేతి వైపు, నంద్యాల కుడిచేతి వైపు ఉండేలా వాయవ్య దిశగా సాగిపోవచ్చు. వాతావరణాన్ని లైవ్‌లో కాకుండా ఒకే స్థితిలో, ఒకే గంటలో ఉంచి, ప్రతి ప్రయాణానికీ ఒకే ఒక్క అమరిక మార్చు. తేదీ, గది ఉష్ణోగ్రత, మార్చినది, కనిష్ఠ ఫ్రేములు, ప్రాసెసర్ వేడి ఒక నోటుపుస్తకంలో రాయి.

గ్రాఫిక్స్ కార్డు కొనడం ఈ నెల ఆపు. ముందు ఎర్త్ కొలత, మీ గది మధ్యాహ్నపు ఉష్ణోగ్రత నాకు రాసి పంపు. పెడళ్ళ కొలతలు కాగితం మీద గీసి ఇస్తే బండ నేనిక్కడ కోయించి ఉంచుతాను, మీ నాయన వచ్చినప్పుడు కారులో వేసుకుపోతాడు. నా దగ్గర రెండు ప్రో మైక్రో బోర్డులు, కొన్ని 49ఈ సెన్సార్లు ఖాళీగా ఉన్నాయి, అవి కూడా అతని చేతికే ఇస్తాను.

ఇట్లు,
మీ అత్త